చదవనిది పాతదెలా అవుతుంది?

పిన్ని పంపిన మెయిలు ఇన్నాళ్ళూ చదవకుండానే ఉండిపోయిందని సాయంత్రం ఆవిడ ఫోన్ చేసినప్పుడు తెలిసింది. అప్పటి నుంచి మనసు కుదుటపడలేదు.

మెయిళ్ళు చదవడానికి నేను వాడే మట్ అనే ప్రోగ్రాములో కొత్తగా వచ్చిన మెయిలు పక్కన ఎన్ అనే అక్షరం ఉంటుంది. దాన్ని తెరవకుండా ఆ మెయిల్ పెట్టెలోంచి బయటికి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూస్తే ఎన్ పోయి ఓ అనే అక్షరం కనిపిస్తుంది. అంటే అది పాతదైపోయిందన్నమాట. మార్క్ ఓల్డ్ అనే అమరిక, మనం అడగకపోయినా, మొదటి నుంచీ ఆన్‌లో ఉండటమే ఇందుకు కారణం. అక్షరం మారినంత మాత్రాన నాకు కోపం రాదు. కానీ పెట్టెలో చదవని పాతవి మాత్రమే మిగిలితే, అందులో కొత్త మెయిలే లేదని మట్ తేల్చేసి, పెట్టెల జాబితాలో దాని పేరు పక్కన ఏ గుర్తూ చూపించదు. నా ఉత్తరాలన్నీ మెయిల్‌డిర్ పద్ధతిలో ఉన్నాయి. అందులో ప్రతి ఉత్తరమూ ఒక ఫైలుగా న్యూ అనే ఫోల్డరులో దిగి, తరువాత కర్ అనే ఫోల్డరుకు మారుతుంది, చదివాకనే దాని పేరు చివర ఎస్ చేరుతుంది. చదవలేదన్న సంగతి డిస్కు మీద భద్రంగా ఉండగా, అడిగేదాకా చెప్పకపోవడం ఏం న్యాయం?

రాత్రి భోజనాలయ్యాక మట్ అమరికలుండే మట్‌ఆర్‌సీ ఫైలు తెరిచి మార్క్ ఓల్డ్‌ను అన్‌సెట్ చేశాను, అంటే ఆఫ్ చేశాను. ఓలన్నీ మళ్ళీ ఎన్‌లయ్యాయి. సంతోషించాను.

అంతలో తాతయ్య గుర్తుకొచ్చారు. పోస్ట్‌మ్యాన్ మధ్యాహ్నం తెచ్చిన కార్డులూ ఇన్‌లాండ్ కవర్లూ ఆయన వాలుకుర్చీ పక్కన బల్ల మీద ఉండేవి. సాయంత్రానికి చదవడం కుదరనివాటిని చూరులో దోపేవారు. జవాబు రాసినవాటిని మాత్రమే వంటింటి గుమ్మం పక్కన వేలాడే ఇనుపతీగకు గుచ్చేవారు, ఆ తీగను ముట్టుకోవడానికి పిల్లలెవరికీ అనుమతి లేదు. దీపాలు పెట్టే వేళకు “చూరులో ఎన్ని ఉన్నాయే?” అని నానమ్మను అడిగేవారు. ఆవిడ ఎక్కడ ఏ పనిలో ఉన్నా వచ్చి, వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టి చెప్పేది. కళ్ళజోడు విరిగిన వారం చూరు నిండిపోతే, అన్నయ్యను కూర్చోబెట్టి అన్నీ చదివించుకునేదాకా తాతయ్య పక్క మీదికి వెళ్ళలేదు.

అది తలుచుకున్నాక నా మార్పు సరైనదనిపించలేదు. ఇవాళ వచ్చిన మెయిలూ, వెనకటి నెలలో నేను తెరవకుండా వదిలేసిన దుకాణాల ప్రకటనలూ ఒకే ఎన్ గుర్తుతో కలిసిపోయి కనిపిస్తున్నాయి. బల్ల మీదివీ చూరులోవీ ఒకచోట కుప్పపోసినట్టయింది. పాతవాటిని విడిగా ఉంచడం మట్ తప్పేమీ కాదు. వాటిని లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు.

అందుకని మార్క్ ఓల్డ్‌ను మళ్ళీ సెట్ చేసి, పెట్టెల పేర్లు వరుసగా చూపించే పక్కపట్టీ, అంటే సైడ్‌బార్, మీద దృష్టి పెట్టాను. 2016లో 1.7 వెర్షన్‌తో మట్‌లోకి వచ్చిన ఈ పట్టీ మామూలుగా కొత్త మెయిలుందో లేదో మాత్రమే చెబుతుంది. సైడ్‌బార్ ఫార్మాట్ అనే అమరికలో చిన్న ఎన్ బదులు పెద్ద ఎన్ రాస్తే, చదవనివన్నీ, పాతవైనా సరే, ఎన్ని ఉన్నాయో అంకెతో చూపిస్తుంది. ఆ అంకె ఎప్పటికప్పుడు సరిగా ఉండాలంటే ఉత్తరాలను లెక్కపెట్టే మెయిల్ చెక్ స్టాట్స్ అనే అమరికను కూడా ఆన్ చేయాలి. లెక్కపెట్టడం భారమని దాన్ని మొదట ఆఫ్‌లో ఉంచారు. వేల ఉత్తరాలున్న పెట్టెలకు అది నిజమే కావచ్చు. కానీ అరవై సెకన్లకొకసారి నా నాలుగు పెట్టెలు చూసి రావడం ఈ కంప్యూటర్‌కు బరువేమీ కాదు, కాబట్టి అది ఆన్‌లోనే ఉంటుంది.