క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు

ఈ పార్శ్వపు నొప్పి నాకు ఇంటర్ నుంచి ఉంది. ఎడమ కణత దగ్గర మొదలైందంటే కర్టెన్లు వేసుకుని పడుకోవాల్సిందే, పోపు వాసన కూడా పడదు. మందుల షాపు అబ్బాయి నా ముఖం చూడగానే, చీటీ అడక్కుండా స్ట్రిప్ చేతిలో పెట్టేసేవాడు.

మొన్నామధ్య న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే, "నెలలో ఎన్ని రోజులు మాత్రలు వేసుకుంటున్నారు?" అన్నారావిడ. నీళ్లు నమిలాను. ఇంటికొచ్చి, మాత్ర వేసుకున్న రోజల్లా క్యాలెండర్‌లో తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. నెలాఖరుకి లెక్కపెడితే 18! మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, సుమాట్రిప్టాన్ లాంటి పార్శ్వపు నొప్పి మాత్రలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మందులే తలనొప్పి తెప్పిస్తాయట. నేనేమో నొప్పి ముదిరిందనుకుని ఇంకోటి వేసుకునేదాన్ని.

ఇప్పుడు నొప్పి రాకుండా రోజూ ప్రొప్రనలాల్. అది రాసేముందు ఆస్తమా ఉందా అని రెండుసార్లు అడిగారు. సుమాట్రిప్టాన్ మాత్రం నొప్పి మొదలైనప్పుడే.

నిన్న మా పిన్ని తల పట్టుకుని "నాకూ ఒకటివ్వవే" అంది. ఆవిడకు గుండెలో స్టెంట్ ఉంది, సుమాట్రిప్టాన్ గుండెజబ్బు ఉన్నవాళ్లు వేసుకోకూడదు. ఇవ్వలేదు. అలిగింది.

ఈ నెల సున్నాలు ఆరు.