రీకాల్ వస్తే దాచకండి

మా బావగారి పాత కారుకి ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపమున్న పార్టు మార్చడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) వచ్చిందంటే ఎంవీపీ కాలనీలో అందరిదీ ఒకటే మాట, ఎవరికీ చెప్పకండి రీసేల్ పడిపోద్ది అని, నాకైతే కడుపు మండిపోయింది. జపాన్ ఎయిర్‌బ్యాగ్ కంపెనీ టకాటా గొడవ మర్చిపోయారా? దాని ఇన్‌ఫ్లేటర్లలో, అంటే ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే డబ్బాల్లో, గ్యాస్ పుట్టించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకి పాడైపోయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనప డబ్బా పగిలి ముక్కలు మొహం మీదకొచ్చి మనుషులు చచ్చిపోయారు, టెస్ట్ రిపోర్టులు మార్చామని ఆ కంపెనీ 2017లో అమెరికా కోర్టులో ఒప్పుకుంది కూడా. మన వైజాగ్ ఉక్కపోత, ఉప్పుగాలి తెలిసిందేగా, గేటు ఊచలే తుప్పుపట్టి రాలిపోతాయి. సర్వీస్ సెంటర్లో కుర్రాడు స్టీరింగ్ మధ్య ప్యాడ్ విప్పి, అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బా చూపించాడు, పార్టు ఫ్రీగానే మార్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లూ, కంపెనీ ఫోన్ పాత ఓనరుకే వెళ్లుండొచ్చు, మీరే ఛాసిస్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూసుకోండి ప్లీజ్.