థిన్ క్లయింట్లు మంచివే, గంటకోసారి గెంటేయకపోతే

మా సహకార పరపతి సంఘంలో పాత డెస్క్‌టాప్‌లు తీసేసి థిన్ క్లయింట్లు పెట్టించే పని నా నెత్తిన పడింది. నిన్నటికి గట్టెక్కాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కొనడం, తీగలు లాగడం తేలిగ్గానే అయిపోయాయి. అరచేయంత పెట్టె. ఫ్యాను లేదు, హార్డ్ డిస్క్ లేదు, దుమ్ము పట్టి ఆగిపోయే బాధా లేదు. కరెంటు పది వాట్ల చుట్టూ తింటుంది. పనంతా లోపలి గదిలోని సర్వరే చేస్తుంది.

అసలు నరకం లైసెన్సుల దగ్గర మొదలైంది. ఈ పెట్టెల్లోంచి సర్వర్ మీద పనిచేయనిచ్చే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు లేకుండానే 120 రోజులు నడుస్తుంది. సప్లయర్ ఆ గడువు మీదే నడిపించి, బిల్లు మొత్తం వసూలు చేసుకుని, తర్వాత లైసెన్సులు ఎక్కించాడు. అప్పట్నుంచి కౌంటర్ల ముందు జనం ఉండగా స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక: లైసెన్సులో సమస్య ఉంది, 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుంది, అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి. ఆ అడ్మినిస్ట్రేటర్ని నేనే! గంట కాగానే ఠంచనుగా తెగేది. మళ్లీ లాగిన్ అయితే ఇంకో గంట. క్యాషియర్ గారు హాలంతా వినబడేలా "ఏవండీ, మీ డబ్బా మళ్లీ పడుకుందండీ" అనేవారు. డిపాజిట్ వేయడానికొచ్చిన పెద్దాయన ఒకరు "మా డబ్బులు కూడా ఇందులోనే పెడతారా?" అని అడిగి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. సెక్రటరీ గారు చూస్తూనే ఉన్నారు.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే "మీ నెట్ స్లో సార్" అంటాడు. సర్వర్ పక్క గదిలో ఉంటే నెట్‌తో పనేంటి? ఓ కుర్రాణ్ణి పంపాడు. వాడు సర్వర్ ఆపి, ఆన్ చేసి, టీ తాగి పోయాడు.

చివరికి నేనే మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లు ముందేసుకుని పట్టుకున్నా. లైసెన్సులు రెండు రకాలు, యూజర్‌కి (మనిషికొకటి), డివైస్‌కి (పెట్టెకొకటి). మా సర్వర్ విండోస్ సర్వర్ 2019 వెర్షన్, డొమైన్ (యూజర్ల ఖాతాలన్నీ ఒకేచోట చూసుకునే ఏర్పాటు) లేదు, వర్క్‌గ్రూప్‌లో ఉంది, అంటే ఏ కంప్యూటర్ ఖాతాలు దానివే. అలాంటి చోట యూజర్ లైసెన్సు పెడితే గంటకోసారి గెంటేస్తుంది. సప్లయర్ ఎక్కించినవి అవే. లైసెన్సింగ్ మేనేజర్‌లో వాటిని డివైస్ రకానికి మార్చి, సర్వర్‌లో మోడ్ కూడా మార్చాను. అంతే, హెచ్చరిక మాయం. దీనికా వాడు ఇంజనీర్ అని బోర్డు పెట్టుకున్నది! బిల్లు కట్టేముందు దాని మీద ఏ రకం రాశారో చదవండి.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. కౌంటర్ల మీద పెట్టెలన్నీ ఆరిపోయాయి, సర్వర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తూనే ఉంది. జనరేటర్ వేశాక లాగిన్ అయితే క్యాషియర్ గారు సగం కొట్టిన వోచర్ కర్సర్‌తో సహా అక్కడే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, మిగతా సగం కొట్టేశారు.

ఇక సర్వర్ కూర్చుంటే ఆఫీసంతా కూర్చుంటుంది కాబట్టి రెండోది అడిగాను. బోర్డు మీటింగ్‌లో పెడతామన్నారు.