విరిగిన సైలెన్సర్ స్టడ్: బరంపురంలో నా అనుభవం

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి టిక్ టిక్ టిక్‌మని చప్పుడు. కాసేపు నడిచి ఇంజన్ వేడెక్కాక ఆ చప్పుడు వినబడదు. కారున్న వాళ్లందరూ ఈ లక్షణం గుర్తుపెట్టుకోవాలి. చాలామంది ట్యాపెట్ (ఇంజన్ వాల్వులను కదిలించే భాగం) శబ్దం అనుకుని వదిలేస్తారు. మా కారులో మాత్రం అది సైలెన్సర్ ముందు పైపు మ్యానిఫోల్డ్‌కు (ఇంజన్ పొగను పోగుచేసే గొట్టానికి) కలిసే చోట పొగ తన్నుకొస్తున్న శబ్దం. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటే చప్పుడు తగ్గుతుంది. అంతమాత్రాన లీకు తగ్గిందని నమ్మడానికి లేదు.

మాది ఒడిశాలోని బరంపురం. ఉద్యోగం గోపాల్‌పూర్‌లో. కారు పగలంతా సముద్రానికి దగ్గర్లో నిలబడి ఉంటుంది. ఆ ఉప్పుగాలి గేట్లనీ కిటికీ ఊచలనీ తినేస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు, కారు అడుగుభాగం సంగతే ఎవరికీ పట్టదు. సైలెన్సర్ బోల్టులకైతే పైన ఉప్పు తేమ, లోపలి నుంచి విపరీతమైన వేడి, రోజూ కాగడం చల్లారడం. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు కావాలి. నట్టు మరల మధ్య ఆ చోటు లేదు కాబట్టి నట్టూ, అది ఎక్కే స్టడ్డూ (తల లేని బోల్టు) ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

ఏసీ వేసినప్పుడు లోపలికి పొగ వాసన రావడం మొదలయ్యాక నాకు టెన్షన్ పట్టుకుంది. పిల్లలు ఎక్కే బండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మనకు తగిలే వాసన పొగలోని మిగతా వాటిది, అది వస్తోందంటే దాని వెంట ఇదీ వస్తున్నట్టే లెక్క. పైగా పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్‌కు ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి దూరి సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. దాంతో కారు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

మొదట చూపించిన వర్క్‌షాపులో కింద నుంచి టార్చి వేసి చూసి, మూడు స్టడ్లలో ఒకటి విరిగిపోయిందనీ, మిగతా రెండింటి నట్లు స్పానర్ పట్టలేనంతగా తుప్పు పట్టాయనీ చెప్పారు. మ్యానిఫోల్డ్ మొత్తం విప్పి కొత్తది వేయడమే దారి అన్నారు. నాకు మనసొప్పలేదు. తెలిసినవాళ్లు అస్కా రోడ్డు వైపు ఉన్న ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లమన్నారు. ఆయనది ఇచ్ఛాపురం, చిన్నప్పుడే పని నేర్చుకోవడానికి ఇటు వచ్చేశారట.

ఆయన గుంటలోకి దిగి, చేత్తో తడిమి, పైకి వచ్చి ఒకటే మాట చెప్పారు. “బాబూ, మ్యానిఫోల్డ్ జోలికి పోవద్దు. ఇంజన్ హెడ్డులో మ్యానిఫోల్డ్‌ను పట్టుకున్న స్టడ్లు కూడా ఇంతే పాతవి. కింద ఒకటి విరిగిందని పైవి కదిలిస్తే అక్కడ ఇంకో రెండు విరుగుతాయి. హెడ్డు అల్యూమినియం. అందులో విరిగితే మన బాధ చెప్పుకోలేం.”

“మరి విరిగిన ముక్క ఎలా వస్తుంది మేస్త్రీ గారూ?” అన్నాను.

“వేడికి రానిది లేదు. తొందరపడకపోతే చాలు.”

ఆ రోజు ఆయన చేసిందల్లా తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, మరల్లోకి దిగే ఆయిల్ స్ప్రే కొట్టి, సుత్తితో నట్టు మొహం మీద చిన్నచిన్న దెబ్బలు వేయడమే. దెబ్బకు తుప్పు పొర పగిలితే ఆ పగుళ్లలోంచి ఆయిల్ లోపలికి పాకుతుందట. రాత్రంతా నానబెట్టి మర్నాడు రమ్మన్నారు.

మర్నాడు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశారు. వెల్డింగ్ కరెంటు కారు కంప్యూటర్‌కు తగలకూడదు. సెన్సర్ విప్పి పక్కన పెట్టారు. కొట్టిన ఆయిల్ అంతా గుడ్డతో తుడిచేశారు, ఎందుకంటే అది భగ్గున అంటుకునే సరుకు. పెట్రోలు పైపుకు తడి గోనె చుట్టి, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకున్నాకే గ్యాస్ వెలిగించారు. ఈ జాగ్రత్తలు చూశాక నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది.

విరగని రెండు స్టడ్లలో ఒకదాని నట్టును ఎర్రగా కాల్చి, సాకెట్ గట్టిగా దిగ్గొట్టి తిప్పితే వచ్చేసింది. రెండోదానికి మూలలే మిగల్లేదు. దాన్ని ఉలితో ఒక పక్క చీల్చి తీశారు.

అసలు పని విరిగినదానితోనే. పోతఇనుము అంచు మీద రెండు మూడు మిల్లీమీటర్ల మొండి మాత్రమే పైకి కనబడుతోంది. షెడ్డులో విరిగిన బోల్టులు తీసే ఈజీ అవుట్ ఉంది, కానీ ఆయన తీయలేదు. అది చాలా గట్టి ఉక్కు. లోపల విరిగి ఉండిపోతే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కొరకలేదు. కాబట్టి మొండి మీద కొత్త నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డింగ్ చేయాలన్నారు. ముందు ఆ నట్టు మీది తెల్లటి జింకు పూతను గ్రైండర్‌తో పూర్తిగా అరగదీశారు. జింకు కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, అతుకు కూడా సరిగా పట్టదు.

మొదట పెట్టిన నట్టు తిప్పగానే అతుకు దగ్గర ఊడిపోయింది. నా గుండె జారింది. ఆయన మాత్రం “పోనీ, వేడి లోపలికి వెళ్లింది కదా” అని ఇంకో నట్టు పెట్టారు. ఈసారి అతుకు ఎరుపు పోయి నల్లబడేదాకా ఆగి, ఒక కొవ్వొత్తి తీసి మొండి మొదట్లో ఆనించారు. మైనం కరిగి సర్రున మరల్లోకి జారిపోయింది. అప్పుడు రింగ్ స్పానర్ పెట్టి, విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు కొంచెం నొక్కారు. పాత తలుపు బందులా కిర్రుమంది. ఆ చప్పుడు విని ఆయన తలూపారు. కొద్దిగా ఇటు, కొద్దిగా అటు, మళ్లీ ఇటు. ఎర్రటి పొడి రాలుతూ ఉంది. అలా కదుపుతూ కదుపుతూ మొత్తం స్టడ్డును బయటికి తెచ్చి నా అరచేతికి దూరంగా, నేల మీద పెట్టారు, ఇంకా కాలుతోందని. మిగతా రెండు పాత స్టడ్లనూ వేడి చేసి తీసేశారు.

కొత్తవి కొనేటప్పుడు మర సైజు చూసుకోవాలి. మావి 10 మిల్లీమీటర్ల స్టడ్లు, మర చుట్ల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. అదే లావులో 1.5 మరవి కూడా దొరుకుతాయి. మొదటి చుట్టు ఎక్కినట్టే ఉంటుంది, బలవంతం చేస్తే కన్నంలో మరలు కొట్టుకుపోతాయి. కన్నాల్లో మరలు కోసే ట్యాప్ దించి శుభ్రం చేశాక, కొత్త స్టడ్లకు రాగి పేస్టు రాసి ఎక్కించారు. నట్లు ఇత్తడివి వేయించుకున్నాను. ఇత్తడి తుప్పు పట్టదు, ఉక్కు మరను పట్టేయదు. అతుకు మధ్య వేసే గాస్కెట్ కొత్తది. మూడు నట్లనూ వరసగా కొంచెం కొంచెం బిగించారు, ఒకటే ముందు బిగిస్తే ఫ్లాంజ్ (పైపు చివరి పలక) ఒక పక్కకు ఎత్తుకుంటుంది.

తర్వాత ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, వెనక సైలెన్సర్ గొట్టానికి తడి గుడ్డ అడ్డం పెట్టించి, అతుకుల మీద సబ్బునీళ్లు కొట్టి చూశాం. ముందు అతుకు దగ్గర ఒక్క బుడగ రాలేదు. బాగా వేడెక్కించి, చల్లార్చి, నట్లు మళ్లీ ఒకసారి చూసి బిగించారు. కొత్త గాస్కెట్ మొదటి వేడికి కాస్త కుదురుకుంటుంది కాబట్టి ఇది వదలకూడదు. టిక్ టిక్ పోయింది, లోపల వాసనా లేదు.

వెనక డబ్బా దగ్గరి రెండు బోల్టులు కూడా తుప్పు పట్టే ఉన్నాయి. అక్కడ లీకు లేదు గనక ఆయన వాటిని ముట్టుకోలేదు. వానలు మొదలయ్యే లోపు వాటినీ నానబెట్టి విప్పి, ఇత్తడి నట్లు వేయిద్దామని చెప్పి వచ్చాను.