నాన్న బొలెరో కొండెక్కింది

ఇన్నేళ్ళూ పొలానికి ఎరువు బస్తాలు మోసిన మా ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరోని ప్రయాణాలకు సిద్ధం చేశాం. ఎక్కువ డబ్బు టైర్లకే పెట్టాను, పెట్టాలి కూడా. లైట్లు, స్టిక్కర్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. తారు రోడ్డుకీ మట్టి, రాళ్ళ దారికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేసి, బరువులకు కుంగిపోయిన వెనక కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) మార్పించాం. వెనక సీట్లు మడిచి ప్లైవుడ్ పలక పరిస్తే పిల్లలు హాయిగా పడుకుంటున్నారు.

ముందు బంపర్‌కి బిగించిన ఇనుప కమ్మీల చట్రం, అదే బుల్ బార్, మాత్రం తీయించేశాను. 2017లోనే కేంద్రం వద్దంది. నడిచి వెళ్ళేవాళ్ళకు తగిలితే దెబ్బ ఎక్కువ. నాన్నకి అదంటే ఇష్టం, అయినా ఒప్పుకున్నారు.

మారేడుమిల్లి దగ్గర గుడిసె కొండ దారంతా రాళ్ళే. టైర్లలో గాలి కాస్త తగ్గించాం. అప్పుడు టైరు నేల మీద ఎక్కువ మేర పరుచుకుని పట్టు పెరుగుతుంది. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ‘ఫోర్ లో’ గేరు వేసి, తొందరపడకుండా నాన్నే నడిపారు. నాకు టెన్షన్, ఆయన ముఖంలో మాత్రం ఎంత సంతోషమో! ఆ సంతోషం కోసమే బండి అమ్మనివ్వలేదు నేను.

తారు రోడ్డెక్కగానే గాలి మళ్ళీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. వెళ్ళేవాళ్ళు చిన్న కంప్రెసర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి.