మోదుగు పువ్వుకు మొదటి ర్యాంకు

హోలీకి ముందు అమ్మ ములుగు దగ్గరి మా ఊరి నుంచి సంచి నిండా మోదుగు పూలు తెచ్చింది, రంగు కాచడానికి. విచిత్రం ఏంటంటే, ఆ వారమంతా హన్మకొండలోని నా గదిలో నేను కుస్తీ పడుతున్నది కూడా ఆ పువ్వుతోనే, కాకపోతే ల్యాప్‌టాప్‌లో. మొక్కల్లో ఉండే పదార్థాల్లో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేసేవి ఏవో డాకింగ్ చేసి, అంటే అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో చూసి, వెతకడం నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు.

పని చెప్పుకోవడానికి తేలికే. ఈస్ట్రోజెన్ అతుక్కునే ప్రొటీన్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, దాని ఆకారం ఉన్న ఫైల్ దించుకుని, నీళ్లు తీసేసి, హైడ్రోజన్లు కలిపి, హార్మోన్ కూర్చునే గుంట (పాకెట్) చుట్టూ ఒక డబ్బా గీసి, ఒక్కో అణువునూ అందులోకి వదలాలి. మిగతాది ఆటోడాక్ వినా అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. స్కోరు మైనస్‌లో ఎంత కిందికి పోతే అంత గట్టిగా అతుక్కున్నట్టు లెక్క.

ఆదిలాబాద్ పొలాల్లో పండే సోయాలోని జెనిస్టీన్ ముందుంటుందని నా అంచనా. రాత్రంతా నడిపించి తెల్లారి చూస్తే మోదుగు పూలలోని బ్యూట్రిన్ ఫస్టు! ఆగలేక మా గైడ్ మేడంకు ఫోన్ చేశా. ఆమె ఒక్కటే అడిగారు, "రిసెప్టర్‌ది ఏ స్ట్రక్చర్ తీసుకున్నవ్?"

నేను తీసుకున్నది 3ఈఆర్‌టీ. 1998లో వచ్చిన ఆ స్ట్రక్చర్‌లో రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ నుంచి వచ్చే హైడ్రాక్సీటామాక్సిఫెన్ కూర్చుని ఉంటుంది. దాని పొడుగాటి తోక అడ్డం పడి, పాకెట్‌కు మూతలా ఉండాల్సిన 12వ హెలిక్స్ (ప్రొటీన్‌లోని ఒక మెలిక ముక్క) పక్కకు జరిగిపోతుంది. అంటే నేను తలుపు తీసిన ఇంట్లోకి అందర్నీ తోలానన్నమాట. బ్యూట్రిన్‌కు రెండు గ్లూకోజ్‌లు తగిలి ఉంటాయి. పెద్ద అణువు, కాళ్లు చాపుకొని పడుకుంది. పైగా సైజు పెరిగేకొద్దీ ఇలాంటి స్కోరు దానంతటదే బాగా కనిపిస్తుంది.

మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఒంట్లోని అసలు ఈస్ట్రోజెన్ అయిన ఎస్ట్రడయోల్ ఉన్న 1ఈఆర్ఈతో. ముందు ఎస్ట్రడయోల్‌నే బయటికి తీసి, పద్ధతి సరేనా అని తిరిగి పెట్టా. అసలు చోటుకు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే వచ్చి కూర్చుంది. ఒక కొస రిసెప్టర్‌లోని అమైనో ఆమ్లాలు గ్లుటమేట్ 353నీ ఆర్జినిన్ 394నీ పట్టుకుంది, ఇంకో కొస హిస్టిడిన్ 524ని. అది చూశాకే ఊపిరి పీల్చుకున్నా. జెనిస్టీన్ సాఫీగా దూరింది. బ్యూట్రిన్ ఆ చక్కెరలతో పట్టనే లేదు. అదే పూలలోని, చక్కెర లేని బ్యూటీన్ పర్వాలేదు.

దూరినంత మాత్రాన ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందనీ కాదు. టామాక్సిఫెన్ కూడా దూరేదే కదా, రొమ్ములో అది చేసేది అడ్డుకునే పని. అది తేల్చాల్సింది ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు, నా ల్యాప్‌టాప్ కాదు. జెనిస్టీన్‌కు ఎక్కువ ఇష్టమైన బీటా రకం రిసెప్టర్ (నేను వాడింది ఆల్ఫా) జోలికి నేనింకా పోనే లేదు.

ఇదంతా విన్న అమ్మకు అర్థమైంది వేరు. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు వచ్చే ఆవిర్లతో రెండేళ్లుగా అవస్థ పడుతోంది.

"అయితే బిడ్డా, ఈ పూలు మరగబెట్టుకొని తాగాల్నా?"

"వద్దే అమ్మా, డాక్టర్ దగ్గరికి పోదాం."

"మరి ఇన్ని రోజులు ఏం చేసినవ్?" అనుకుంటూ పూలన్నీ బకెట్లో పోసింది. ఆ చేత్తోనే ల్యాప్‌టాప్ మూసింది. మూత మీద నారింజ రంగు వేలిముద్రలు ఇంకా పోలేదు.