తలుపు పక్క బెంచీ

మా నాన్న చర్చిలో ఎప్పుడూ చివరి బెంచీలో, తలుపు పక్కనే కూర్చునేవాడు. పాస్టరుగారు ముందుకు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నవ్వి ఊరుకునేవాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా ఊరి చర్చి చిన్నది. ఆడవాళ్ల వైపు నుంచి తిరిగి చూస్తే ఆయన చూపు బైబిలు మీద ఉండేది కాదు, గుమ్మం మీదే. భక్తి తక్కువని అమ్మ సణిగేది. శ్రీలంక వెళ్లిన భారత శాంతి సేనలో పనిచేసి 1990లో తిరిగొచ్చిన మనిషి ఆయన. అక్కడి సంగతి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ బెంచీ సంగతి నాకు తెలిసింది ఒహాయోలో.

పెళ్లయ్యాక మావారి ఉద్యోగం వెంట అమెరికా వెళ్లాను. నాకున్న డిపెండెంట్ వీసా మీద పని చేయకూడదు కాబట్టి మొదటి ఏళ్లన్నీ వంటింట్లోనే. గ్రీన్ కార్డు వచ్చాక సోషల్ వర్క్‌లో మాస్టర్స్, లైసెన్సు, పౌరసత్వం, ఆపైన మాజీ సైనికుల ఆసుపత్రిలో ఉద్యోగం. చేరిన కొత్తలో వియత్నాంలో పోరాడిన ఒక పెద్దాయన నా గదిలోకి వచ్చాడు. పలకరించకముందే కుర్చీ ఎత్తి, వీపు గోడకు ఆనేలా, ముఖం తలుపు వైపు ఉండేలా వేసుకుని అప్పుడు కూర్చున్నాడు. ఆ రోజు ఆయనతో ఏం మాట్లాడానో గుర్తులేదు. అప్పటికి నాన్న పోయి మూడేళ్లు.

వియత్నాం యుద్ధం 1975లో ముగిస్తే, యుద్ధం నుంచి వచ్చినవాళ్లను వదలని ఈ బాధకు పీటీఎస్‌డీ అని అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో పేరెక్కింది 1980లో. మా ఊళ్లో దీనికి ఇప్పటికీ ఒకటే పేరు, మిలిటరీ కోపం. అన్నట్టు మా వైపు మాజీ సైనికుడు కనిపిస్తే జనం మొదట అడిగేది మిలిటరీ క్యాంటీన్ మందు సీసా. అమెరికాలో అయితే 'మీ సేవకు థాంక్స్' అనేసి వెళ్లిపోతారు. ఆ థాంక్స్ విని విని విసుగొచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఆఫీసులో నా విశ్వాసం గురించి నేను మాట్లాడకూడదు. ఎవరికైనా ప్రార్థన కావాలంటే చాప్లిన్, అంటే ఆసుపత్రిలో ఉండే మతగురువు దగ్గరికి పంపాలి. మొదట్లో గింజుకున్నాను. ప్రార్థన వల్లే ఇంతదూరం వచ్చాననుకునేదాన్ని, నోరు కట్టేసుకోమంటే ఎలా? తర్వాత బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు, అతన్ని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు గుర్తొచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద ఒక్క మాటా అనకుండా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, నోరు తెరిచాకే చెడగొట్టారు. ఇప్పుడు ప్రార్థన కారులోనే ముగించుకుని లోపలికి వెళతాను.

శనివారాలు మా ఇంటికి పిల్లలు వస్తారు. ఎమ్మెస్‌కు వచ్చిన మన జిల్లాల కుర్రాళ్లు, సోంపేట వైపు, బొబ్బిలి వైపు. సెమిస్టర్ నడుస్తున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. చదువయ్యాక ఓపీటీలో, అంటే పని చేసుకోనిచ్చే గడువులో, మొత్తం 90 రోజులు ఉద్యోగం లేకుండా గడిస్తే ఇక్కడ ఉండే వీలు పోతుంది. ఒకబ్బాయి ఆ రోజుల లెక్క మా ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో పెన్సిలుతో గీసుకునేవాడు. 2018లో తిత్లీ తుపానుకు పడిపోగా మిగిలిన కొబ్బరి తోటను అతని తండ్రి తాకట్టు పెట్టాడు. రోజూ తల్లితో ఫోన్లో "బాగానే ఉన్నానే" అంటాడు. ఇలాంటి గుంటలను ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. నేను గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడుస్తూ అన్నీ చెబుతారు. అందుకే శనివారం డిష్‌వాషర్ వాడను. మావారికి ఇది పిచ్చిలా కనిపిస్తుంది.

మొన్న క్రిస్మస్‌కు ఊరొచ్చాను. నాన్నతో పాటు పనిచేసినాయన భార్య డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు పాలిథిన్ సంచిలో పట్టుకుని వచ్చింది. బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ పడటం లేదట, పింఛను ఆగిపోతుందని టెన్షన్. పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులు. జీడి రసానికి వేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోయాయి. మెషీను ముద్ర తీసుకోదు. ముఖం చూపించి చేసే పద్ధతి 2021లోనే వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫోనులో యాప్ వేసి అరుగు మీద కూర్చోబెట్టాను. రెప్ప ఆడించమంటుంది ఆ యాప్. ఆమె ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోయి చూస్తోంది. రెండుసార్లు ఫెయిలైంది.

"బతికే ఉన్నానని ఇన్నిసార్లు సెప్పాలేటి తల్లీ?" అంది. కాసేపాగి, నేనేమీ అడక్కుండానే, "మా ఆయన కూడా తలుపు కాడే తొంగునీవోడమ్మా. మంచం లోపలికి ఏస్తే నిద్దరపట్టీది కాదు" అంది.

ఫోను పక్కన పెట్టాను. తెర దానంతటదే ఆరిపోయింది. సర్టిఫికెట్ పని అయ్యేసరికి సాయంత్రమైంది.